ఐటీఐ సర్టిఫికెట్‌తో సొంతంగా ఇంటి వైరింగ్ చేయవచ్చా?

ప్రశ్న: ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు పూర్తి చేసి, కొన్నేళ్లుగా ఒక మేస్త్రి దగ్గర పని చేస్తున్నాను. ఇప్పుడు సొంతంగా కొత్త ఇళ్ల వైరింగ్ ఒప్పుకుందామనుకుంటే, లైసెన్సు తప్పనిసరి అని కొందరు, చిన్న ఊళ్లో ఎవరూ అడగరని మరికొందరు అంటున్నారు. దుకాణానికి మున్సిపాలిటీ ఇచ్చిన ట్రేడ్ లైసెన్సు సరిపోదా?
– ఒక పాఠకుడు, పార్వతీపురం

జవాబు: ఊరు చిన్నదైనంత మాత్రాన నిబంధన మారదు. విద్యుత్ చట్టం–2003 కింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో తెచ్చి, 2023లో తిరగరాసిన భద్రతా నిబంధనల ప్రకారం, వినియోగదారుడి ఇంట్లో కొత్త వైరింగ్‌ను గానీ, ఉన్న వైరింగ్‌లో మార్పులూ మరమ్మతులను గానీ రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు ఉన్న కాంట్రాక్టరే చేపట్టాలి; యోగ్యతా పత్రం ఉన్న సూపర్‌వైజరు దగ్గరుండి చూడాలి; పని చేసే మనిషికి పర్మిట్ ఉండాలి. 1956 నాటి పాత నియమాలలోనూ ఇదే ఉంది. పాడైన బల్బు, ఫ్యాను, ఫ్యూజు, స్విచ్చు వంటి వాటిని, లోడూ వైరింగ్ స్వరూపమూ మారకుండా, తీసి కొత్తవి బిగించడానికి మాత్రమే మినహాయింపు ఉంది. ఏసీ కోసం కొత్త లైను లాగడం అందులోకి రాదు.

మీ ఐటీఐ సర్టిఫికెట్ మీరు పని నేర్చుకున్నారని చెబుతుందే గాని, పర్మిట్‌కు బదులు కాదు. ట్రేడ్ లైసెన్సు దుకాణానికి సంబంధించినది. వైరింగ్‌కు దానితో సంబంధం లేదు.

ఎవరూ అడగరన్న మాటను దయచేసి నమ్మకండి. వైరింగ్ పూర్తయ్యాక ఇచ్చే టెస్ట్ రిపోర్టుపై, పని చూడకుండానే, లైసెన్సు ఉన్నవారి చేత డబ్బిచ్చి సంతకం చేయించుకునే పద్ధతి చాలా ప్రమాదకరమైనది. లైవ్ వైరుకూ ఎర్త్‌కూ మధ్య 500 వోల్టుల మెగ్గరుతో (ఇన్సులేషన్‌ను కొలిచే పరికరంతో) పరీక్షించినప్పుడు ఇన్సులేషన్ నిరోధం కనీసం ఒక మెగాఓమ్ ఉందా, ఎర్త్ వైరు ప్రతి త్రీపిన్ సాకెట్ దాకా నిజంగా వెళ్లిందా, స్విచ్చు న్యూట్రల్ వైరులో కాక ఫేజ్ (లైవ్) వైరులోనే ఉందా అని చూసి చేయవలసిన సంతకం అది. ఎర్త్ తెగిపోయిన ఇంట్లో కూడా దీపాలు చక్కగా వెలుగుతాయి. గీజరులోనో గ్రైండరులోనో లీకేజీ మొదలైన రోజున గాని ఆ లోపం బయటపడదు, అప్పటికి దానిమీద ఎవరో ఒకరి చెయ్యి ఉంటుంది.

కాబట్టి ముందుగా రాష్ట్ర విద్యుత్ లైసెన్సింగ్ బోర్డు ద్వారా వైర్‌మన్ పర్మిట్‌కు దరఖాస్తు చేయండి. అది వచ్చాక లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు కింద, ఆయన స్వయంగా వచ్చి పరీక్షిస్తానంటేనే, పనులు చేయండి. కాంట్రాక్టరు లైసెన్సు సంగతి ఆ తరువాత చూసుకోవచ్చు. మీకు దగ్గరలోనే ఉన్న ఒడిశాలో పని ఒప్పుకుంటే, మీ పర్మిట్‌ను అక్కడి ప్రభుత్వం గుర్తిస్తుందో లేదో ముందే కనుక్కోండి. పర్మిట్ వచ్చినా మీ పని మీటరు తరువాతి వైరింగ్ వరకే; స్తంభం నుంచి మీటరు దాకా ఉన్నది డిస్కమ్ (విద్యుత్ పంపిణీ సంస్థ) సిబ్బంది పని, ఇంటి యజమాని ఎంత బతిమాలినా దాని జోలికి వెళ్లకండి.