కార్ పాలిష్ షాపు పెడతానంటున్న డిప్లొమా కుర్రాడికి మూడు లక్షలు ఇవ్వొచ్చా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. నాలుగెకరాల చేపల చెరువు ఉంది. మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా చేసి భీమవరంలో ఒక కార్ వాష్‌లో పనికి కుదిరాడు. ఇప్పుడు సొంతంగా డీటెయిలింగ్ షాపు, అంటే కార్లకి పాలిష్ పట్టి మెరుపు తెచ్చే షాపు పెడతానని, మూడు లక్షలు కావాలని లిస్టు రాసిచ్చాడు. అందులో పాలిష్ కాంపౌండ్లే (పెయింట్ మీద రుద్దే మందులు) ఎనిమిది రకాలున్నాయి. డిప్లొమా చదివి కార్లు తుడుచుకోవడం ఏమిటని వాళ్లమ్మ బాధపడుతోంది. ఈ పనికి భవిష్యత్తు ఉందంటారా?

జవాబు: ఉందండి. కానీ మూడు లక్షలు ఇప్పుడే ఇవ్వకండి.

ముందు వాళ్లమ్మగారి బాధ సంగతి చూద్దాం. కారు కడగడం వేరు, పెయింట్ మీది గీతలు తీసి మెరుపు తెచ్చే పెయింట్ కరెక్షన్ వేరు. ఇప్పటి కార్లకి రేకు మీద ప్రైమర్, దాని మీద రంగు, ఆపైన క్లియర్ కోట్ అనే రంగులేని పొర ఉంటాయి. కంపెనీ నుంచి వచ్చిన కారుకి ఇవన్నీ కలిపి సాధారణంగా 100 నుంచి 140 మైక్రాన్లు. అంటే మిల్లీమీటరులో ఏడో వంతు కూడా ఉండదు. అందులో క్లియర్ కోట్ వాటా 40, 50 మైక్రాన్లు. ఎండ దెబ్బకి రంగు వెలిసిపోకుండా కాపాడేది ఆ పొరే. ఎండలో నిలబెడితే బానెట్ మీద గుండ్రంగా కనిపించే సన్నగీతలు పడేదీ దాని మీదే. పాలిష్‌తో గీత పూడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి గీత అడుగు దాకా చుట్టుపక్కల పొరని అరగదీస్తారు. అరిగింది మళ్లీ రాదు. ఎక్కడ ఆపాలో తెలిసిన కుర్రాడికే ఖరీదైన కార్లు అప్పగిస్తారు. కొలతలు, వేడి, రాపిడి అన్నీ ఉన్న పని ఇది. డిప్లొమా వృథా పోదని చెప్పండి.

మీ ప్రాంతంలో పనికి కొదవ లేదు. రైస్ మిల్లుల దగ్గర ఆగిన కారు మీద ఊక బూడిద పడుతుంది. అందులో ఎక్కువ భాగం సిలికా. పొడిగుడ్డతో ఒక్కసారి తుడిస్తే చాలు, గీతలు తయారు. ఉప్పు బోరు నీళ్లతో కడిగి ఎండలో వదిలేస్తే తెల్లమచ్చలు పడతాయి. ఈ మచ్చల మీదికి నేరుగా కాంపౌండ్ పట్టుకెళ్లే కుర్రాళ్లే ఎక్కువ. ముందు మచ్చలు పోగొట్టే ఆమ్లపు క్లీనర్‌తో చూడాలి. పొర లోపలికి తినేసి ఉంటేనే పాలిష్ మిషన్ పెట్టాలి.

ఇక ఆ ఎనిమిది కాంపౌండ్లు. మొదట రెండు చాలు. గీతలు తీయడానికి ఒక కటింగ్ కాంపౌండ్, తర్వాత మెరుపు తేవడానికి ఒక ఫినిషింగ్ పాలిష్. 3ఎం, మెన్జర్నా, మెగ్వైర్స్‌లో ఏదైనా పర్వాలేదు, రెండూ ఒకే కంపెనీవి అయితే నేర్చుకునేటప్పుడు తికమక తక్కువ. ఎందుకంటే ఒక కంపెనీ నంబరుకీ ఇంకో కంపెనీ నంబరుకీ పోలిక ఉండదు. మెన్జర్నాలో 400 గట్టిగా కోసేది, 3500 మెరుపుకి. మెగ్వైర్స్‌లో 105 కోతకి, 205 ఫినిషింగ్‌కి. పైగా సగం పని మిషనుకి తగిలించే ప్యాడ్‌ది. అదే కాంపౌండ్ ఉన్ని ప్యాడ్ మీద గట్టిగా కోస్తుంది, మెత్తటి ఫోమ్ మీద నెమ్మదిగా పోతుంది. రెండు కాంపౌండ్లకి మూడు రకాల ప్యాడ్లు కలిపితే చాలావరకు పనులు అయిపోతాయి. ఎనిమిది సీసాలు అమ్మేవాడికి లాభం, అంతే.

ఏ జత వాడాలో కారే చెప్పాలి. చెరువులో మందు చల్లే ముందు మీరు నీళ్లు టెస్ట్ చేయించినట్టే, బానెట్ మీద రెండడుగుల చదరం టేపుతో కట్టి అక్కడ చూసుకోవాలి. ముందు మెత్తటి ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్. గీతలు పోకపోతేనే ఒక్కో మెట్టు పైకి వెళ్లాలి. చాలామంది గట్టి కాంపౌండ్‌తో మొదలుపెట్టేస్తారు. పని తొందరగా అవుతుంది, పొర కూడా అంతే తొందరగా పోతుంది. గోరుకి తగిలేంత లోతు గీత పాలిష్‌తో పూర్తిగా పోదు, దాన్ని తీసేస్తానని కస్టమర్‌కి మాటివ్వకూడదు. పాత కారు మీద రుద్దితే ప్యాడ్‌కి కారు రంగు అంటుకుందంటే పైన క్లియర్ కోట్ లేదనో, అయిపోయిందనో అర్థం.

ఇంకో మోసం కూడా మీకు తెలియాలి. కొన్ని పాలిష్‌లలో గీతల్ని తాత్కాలికంగా నింపే నూనెలు, మైనాలు ఉంటాయి. డెలివరీ రోజున అద్దంలా ఉంటుంది, నాలుగు వాష్‌లకి గీతలు బయటపడతాయి. అందుకే పని అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్లతో తుడిచి, టార్చి వేసి చూడాలి. ఇది చేయని షాపులో మీ వాడు ఎన్నేళ్లున్నా నేర్చుకునేది తక్కువే.

మిషన్ల విషయంలో నాది గట్టి అభిప్రాయం: మొదటిది డ్యూయల్ యాక్షన్ పాలిషర్ (ప్యాడ్ తిరుగుతూనే అటూ ఇటూ ఊగే మిషను) కావాలి. ఒకే చోట గిర్రున తిరిగే రోటరీ మిషను తొందరగా కోస్తుంది, కానీ కొత్త చేతిలో అంచుల దగ్గర, ప్లాస్టిక్ బంపర్ల మీద వేడెక్కి పెయింట్ కాల్చేస్తుంది. దాంతోపాటు పెయింట్ మందం కొలిచే గేజ్ కొనాలి. మిగతా ప్యానెళ్లన్నీ 110 చూపిస్తూ ఒక డోరు మాత్రం 300 చూపిస్తే, దానికి మళ్లీ పెయింట్ వేశారనో లోపల పుట్టీ ఉందనో ముందే తెలుస్తుంది. ప్లాస్టిక్ మీద మామూలు గేజ్ పనిచేయదు, అక్కడ చేతిని అదుపులో పెట్టుకోవాలి. మాస్కు, కళ్లద్దాలు లిస్టులో లేకపోతే చేర్చమనండి.

మీ ఎండల్లో ఇంకో తంటా. కాలిన రేకు మీద కాంపౌండ్ క్షణాల్లో ఎండి పొడి రాలుతుంది. నీడలో, రేకు చల్లబడ్డాక పని మొదలుపెట్టాలి. అంటే షెడ్డు వెనకాల ఖాళీ స్థలం కాదు, సరైన కప్పు, లైట్లు ఉన్న చోటు కావాలి. అద్దె లెక్క అక్కడే పెరుగుతుంది.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. టింకరింగ్ షెడ్డులో పనికిరాని నల్లరంగు బానెట్ ఒకటి కొనివ్వండి. నలుపు మీద ఏ తప్పూ దాగదు. మిషను, గేజు, రెండు కాంపౌండ్లు, ప్యాడ్లు కొనడానికి మాత్రం డబ్బివ్వండి. నెల తర్వాత ఆ బానెట్‌ని ఎండలో పెట్టి మీరే చూడండి. మబ్బు మబ్బుగా గానీ, మిషను తిరిగిన జాడలు గానీ కనిపించకూడదు. ఆపైన ఒక ఏడాది విజయవాడలోనో రాజమండ్రిలోనో మంచి డీటెయిలింగ్ షాపులో గానీ, షోరూమ్ బాడీషాపులో గానీ చేరమనండి. షాపు కలిసిరాకపోయినా, ఆ అనుభవంతో డిప్లొమా ఉన్నవాడు బాడీషాపులో అడ్వైజర్‌గా కుదురుకోగలడు. సర్టిఫికెట్ కూడా కావాలంటే ఐటీఐలో మెకానిక్ ఆటో బాడీ పెయింటింగ్ అనే ఏడాది ట్రేడ్ ఉంది.

సంక్రాంతి ముందు మీ వైపు షాపులకి తీరిక ఉండదు, నిజమే. కానీ చేప, రొయ్య ధర పడిపోయిన ఏడాది జనం ముందు ఆపేసేది ఇలాంటి ఖర్చే, అది మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకని షాపు పెట్టినా మొదటి రెండేళ్లు వాషింగ్ ఆదాయం మానుకోవద్దు. పెట్టుబడికి ముద్ర లోన్‌లో శిశు కింద 50 వేల దాకా, కిశోర్ కింద 5 లక్షల దాకా వస్తుంది. మిషన్ల కొటేషన్లతో అబ్బాయి పేరుమీదే అప్లై చేయించండి. దానికి తాకట్టు అక్కర్లేదు. బ్రాంచిలో పొలం కాగితాలు అడిగితే ఇవ్వకుండా ఇంకో బ్యాంకుకి వెళ్లండి.