ఏడడుగుల ఆటగాళ్లను ఎలా ఎంచుకుంటారు?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో చదువుతున్నాడు. అక్కడి బాస్కెట్‌బాల్ జట్టులో ఏడడుగులు దాటినవారు ఆడారని చెప్పాడు. అంత పొడగరులను కళాశాలలు ఎత్తు చూసే తీసుకుంటాయా?

జవాబు: ఎత్తు నేర్పితే వచ్చేది కాదు కనుక శిక్షకుల చూపు ముందు దానిమీదే పడుతుంది, కానీ చేతుల పొడవు, పాదాల చురుకు, బంతిని ఒడిసిపట్టే నేర్పు, నేర్చుకోవాలన్న ఓపిక లేనిదే ఆ ఎత్తు అక్కరకు రాదు. పొడగరులు ఆలస్యంగా పదునెక్కుతారు, అందువల్ల పాఠశాల స్థాయి ఆటగాళ్లకు ఇచ్చే ర్యాంకులు వారి విషయంలో తరచుగా తప్పుతాయి. మీ అబ్బాయి విశ్వవిద్యాలయమే ఇందుకు చక్కని ఉదాహరణ. టొరంటోకు చెందిన 7 అడుగుల 4 అంగుళాల జాక్ ఈడీ, చిన్ననాట ఐస్ హాకీ, బేస్‌బాల్ ఆడి, ఉన్నత పాఠశాలలో గానీ బాస్కెట్‌బాల్ మొదలుపెట్టలేదు; ర్యాంకుల్లో 400 దాటిన స్థానంలో ఉన్న అతడిని శిక్షకుడు మ్యాట్ పెయింటర్ 2020లో చేర్చుకొని, తొలి ఏడాది ఎక్కువగా ప్రత్యామ్నాయ ఆటగాడిగానే దించారు. ఆ ఓపిక ఎంత విలువైనదో తర్వాత తెలిసింది: ఈడీ 2023, 2024లలో వరుసగా జాతీయ ఉత్తమ ఆటగాడయ్యాడు, పర్డ్యూ 1969 తర్వాత తొలిసారి జాతీయ కళాశాలల టోర్నీ ఫైనల్ చేరింది. అంతకు చాలా ముందే, లాగోస్‌లో ఫుట్‌బాల్ గోల్‌కీపర్‌గా, హ్యాండ్‌బాల్ ఆటగాడిగా ఉన్న హకీమ్ ఒలాజువాన్ హ్యూస్టన్ విశ్వవిద్యాలయంలో చేరి మేటిగా ఎదిగాడు.

అయితే 2021 నుంచి ఆటగాళ్లు ఏడాది ఆట మానుకోకుండానే వేరే కళాశాలకు మారే వీలు కలగడంతో, పచ్చి ప్రతిభను పెంచుకోవడం కన్నా తయారైన పొడగరిని తెచ్చుకోవడంవైపే చాలా జట్లు మొగ్గుతున్నాయి. ఇది నాకు విచారం కలిగించే మార్పు.