పరిచర్యకు వెళ్తున్న అమ్మాయికి పెద్దనాన్న ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి పెద్దనాన్న దీవెనలు.

ఉద్యోగం మానుకొని, సువార్త ఎన్నడూ వినని వారి మధ్య నివాసముండి పరిచర్య చేయాలని నీవు నిశ్చయించుకున్నావని మీ నాన్న చెప్పగానే నా మనసు గర్వంతో నిండిపోయింది. ఆ రాత్రి మాత్రం బెంగతో నిద్ర పట్టలేదు. నీ విశ్వాసం గురించి నాకు సందేహం లేదమ్మా, నీ పట్టుదలను తలచుకుంటేనే భయం. సండే స్కూలులో నీకు నచ్చిన రాగంలో పాట ఎత్తుకోలేదని నోరు విప్పకుండా కూర్చున్న పిల్లవు నీవు.

ప్రతిదినం ప్రార్థించు, వాక్యం చదువు, వారి భాష శ్రద్ధగా నేర్చుకో, తోడు లేకుండా ఎక్కడికీ వెళ్ళకు, జ్వరం వస్తే దాచకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

వెళ్ళే ముందు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయాన్ని తొందర లేకుండా మరొకసారి చదువు. సువార్త ప్రకటించేవారికి దాని వలన జీవించే హక్కు ఉందని అపొస్తలుడైన పౌలు అక్కడ గట్టిగా వాదించి, ఆ హక్కును తాను వాడుకోలేదని ఆ వెంటనే అంటాడు. కొరింథులో ఆయన అకుల, ప్రిస్కిల్ల దంపతులతో కలిసి డేరాలు కుట్టి బ్రతికాడు. యూదులకు యూదునిలా, ధర్మశాస్త్రం లేనివారికి అది లేనివానిలా, బలహీనులకు బలహీనునిలా తాను మారింది కొందరినైనా రక్షించాలన్న ఒకే ఆశతోనని చెప్పుకున్నాడు. ఏథెన్సు నిండా విగ్రహాలు చూసి ఆయన ఆత్మ ఎంత రగిలిపోయినా, అక్కడి అరేయొపగు సభలో నోరు తెరచినప్పుడు ఆ కోపంతో మొదలుపెట్టలేదు. వారు తెలియని దేవునికి కట్టుకున్న బలిపీఠంతో మొదలుపెట్టి, వారి కవుల మాటలనే తీసుకొని మాట్లాడాడు. నీకు వాదించడం ఇష్టం, గెలవడం మరీ ఇష్టం. ఒక ఇంటివారు తమ దుఃఖాన్ని చెప్పుకుంటుంటే మధ్యలో వాక్యం ఎత్తి వారి నోరు మూయించావని నాకు తెలిసిందో, నేనే బయలుదేరి వచ్చి నిన్ను మందలిస్తాను.

అయితే రాగాలు, అలవాట్లు, మాటతీరు క్రొత్తవారి ముందు వదులుకోవడం అంత కష్టం కాదు. నా అసలు భయం వేరే ఉంది, అందుకు యేసు శిష్యుడైన పేతురు సంగతి నీకు వివరంగా చెప్పాలి. యొప్పేలో మేడ మీద ప్రార్థిస్తుండగా యూదులు తినకూడని జంతువులతో సహా ఆకాశం నుండి దిగివచ్చిన దుప్పటి దర్శనాన్ని చూసినవాడు ఆయన. దేవుడు పవిత్రం చేసిన దానిని నిషిద్ధమనవద్దన్న మాటను స్వయంగా విన్నాడు. అన్యజనుల, అంటే యూదులు కానివారి, ఇంటికి వెళ్ళకూడదని పుట్టినది మొదలు పాటించిన నియమాన్ని పక్కన పెట్టి కైసరయలో రోమా శతాధిపతి కొర్నేలీ ఇంట అడుగుపెట్టాడు. అక్కడివారి మీదికి పరిశుద్ధాత్మ దిగడాన్ని కళ్ళారా చూశాడు. యెరూషలేములో తనను నిలదీసిన వారికి జరిగినదంతా ధైర్యంగా వివరించాడు. అటువంటివాడు అంతియొకయలో అన్యజనులతో ఒకే బల్ల దగ్గర భోంచేస్తూ ఉండి, యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గరనుండి కొందరు యూదులు వచ్చేసరికి వారికి భయపడి మెల్లగా వెనుకకు తగ్గాడు. ఆయనను చూసి మిగిలిన యూదులు లేచారు. చివరికి బర్నబా కూడా లేచాడు. సౌలును, అంటే పౌలునే, తార్సు నుండి వెదకి తెచ్చి, అదే సంఘంలో సంవత్సరమంతా అతనితో కలిసి బోధించిన బర్నబా! నిన్నటిదాకా పక్కన కూర్చొని తిన్న సహోదరుడు ఈ రోజు దూరంగా కూర్చుంటే ఆ అన్యజనుల విశ్వాసులకు ఎలా అనిపించి ఉంటుందో ఎప్పుడైనా ఆలోచించావా? పేతురు సిద్ధాంతం మార్చుకోలేదు, ఒక్క తప్పు మాట కూడా పలికినట్లు వ్రాయబడలేదు. ఆయన చేసిందల్లా చోటు మారడమే. దానికే పౌలు అందరి ఎదుట, ఇది సువార్త సత్యానికి తగిన నడవడి కాదని ఆయనను ముఖాముఖిగా ఎదిరించాడు.

నీకూ అటువంటి రోజు వస్తుంది. మన సంఘం నుండి ఎవరో నిన్ను చూడడానికి వస్తారు, నీవు ఎవరి మధ్య కూర్చున్నావో, ఏ తీరున ఆరాధిస్తున్నావో చూసి ముఖం చిట్లిస్తారు. ఇంగ్లండు మిషనరీ హడ్సన్ టేలర్ 1854లో షాంఘైకి చేరి, మరుసటి ఏడాది చైనావారి దుస్తులు ధరించి, వారిలాగే జడ వేసుకున్నప్పుడు తోటి పాశ్చాత్యులే ఆయనను ఎగతాళి చేశారు. నిన్నూ అంటారు. ఆ మాటలు పరాయివారి తిరస్కారం కంటే లోతుగా గుచ్చుకుంటాయి, ఎందుకంటే నిన్ను ఎత్తుకొని పెంచినవారే అంటారు. అప్పుడు నీవు బల్ల దగ్గరనుండి లేవకూడదు. వారి మెప్పు కూడా నీవు వదులుకోవలసిన ఇష్టాలలో ఒకటని ఇప్పుడే మనసులో పెట్టుకో.

అలాగని అన్నిటికీ తలవంచమని నా అభిప్రాయం కాదు. పౌలు ఆ ప్రాంతపు యూదులను బట్టి తన సహచరుడు తిమోతికి సున్నతి చేయించాడు కాని, అది లేనిదే కుదరదని పట్టుబట్టిన వారి ఎదుట మరో సహచరుడు తీతు విషయంలో ఒక్క గడియ కూడా లొంగలేదు. క్రీస్తుకు మరేదో చేర్చితేనే రక్షణ అని ఎవరైనా అన్నప్పుడు నీ మొండితనం చూపించు. అక్కడ అది నాకు ఎంతో ఇష్టం. ఏది ఏ సందర్భమో తేలకపోతే తొందరపడక నాకు వ్రాయి, ఇద్దరం ప్రార్థించి చూద్దాం.

మీ అమ్మ నీతో సరిగా మాట్లాడడం లేదని విన్నాను. ఆమెతో వాదనకు దిగకు. ఆమె నిన్ను ఆపడం లేదమ్మా, భయపడుతోంది. బయలుదేరే ముందు రెండు రోజులు అన్ని పనులూ మానుకొని ఆమె దగ్గర ఉండు. అక్కడికి చేరగానే నీ పక్కింటివారి పేర్లు నాకు వ్రాసి పంపు, ఉదయపు ప్రార్థనలో నీ పేరుతో పాటు వారి పేర్లనూ చేర్చుకుంటాను.

ప్రేమతో,
పెద్దనాన్న