కంటైనర్ ఇల్లు: గోడ కోసే ముందు ఇది చూడండి

భీమిలిలో సముద్రం దగ్గర 40 అడుగుల పాత కంటైనర్‌తో ఇల్లు కడుతున్నామని, పొడవు గోడ మొత్తం తీసేసి గాజు తలుపులు పెట్టొచ్చా, తుఫానుకు ఆగుతుందా అని అడిగారు.

దయచేసి గోడ మొత్తం తీయకండి. పైబరువు మూలల స్తంభాలు మోస్తాయి నిజమే, కానీ పెట్టె ఒరిగిపోకుండా, కుంగకుండా పట్టి ఉంచేది ఆ మడతల రేకు గోడలే. కోసిన ప్రతిచోటా చుట్టూ స్టీల్ ఫ్రేమ్ వెల్డింగ్ చేయించాలి, అదీ స్ట్రక్చరల్ ఇంజనీరు లెక్క వేశాకే.

ఇక గాలి సంగతి. ఖాళీ పెట్టె బరువు నాలుగు టన్నులకు అటూ ఇటూ. విశాఖ ప్రాంతంలో డిజైన్‌కు తీసుకునే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. ఆ వేగానికి పొడవు గోడ మీద పడే తోపుడే సుమారు అయిదు టన్నులు! 2014 హుద్‌హుద్ చూసినవాళ్లం, దిమ్మెల మీద ఊరికే పెట్టి వదిలేయలేం. కాంక్రీటు పునాదిలో స్టీల్ ప్లేట్లు పోయించి, నాలుగు మూలలనూ వాటికి వెల్డింగ్ చేయించండి. ఉప్పుగాలికి ఆ అతుకులే ముందు తుప్పు పడతాయి, ఎపాక్సీ పెయింట్ తప్పనిసరి.

పాత ప్లైవుడ్ నేలకు పురుగుమందు పట్టించి ఉంటారు. పిల్లలున్న ఇల్లు కదా, మార్చేయండి. వేడికి పైన ఖాళీ వదిలి రెండో రేకు కప్పు వేస్తే చాలా తేడా ఉంటుంది, దాన్నీ గట్టిగా బోల్టులతో బిగించాలి.