భర్తకు ఇంకొకామె ఉందని తెలిసీ థాయ్ భార్య ఎందుకు ఊరుకుంటుంది? మనం చెప్పాలా?

మీ ప్రశ్న ఇది: బ్యాంకాక్‌లో మీతో పనిచేసే థాయ్ ఆవిడ భర్తకు మరో సంబంధం ఉందని ఆఫీసంతా తెలుసు, ఆవిడ మాత్రం ఏమీ ఎరగనట్టు నవ్వుతూ తిరుగుతోంది, మీరు చెప్పాలా వద్దా అని. చెప్పకండి. చాలావరకు ఆవిడకు మీకన్నా ముందే తెలిసి ఉంటుంది.

అక్కడ సంబంధం ఉన్నంత మాత్రాన పరువు పోదు, అది నలుగురిలో పడితే పోతుంది. సరదాగా తిరిగే 'కిక్' సంగతి పెళ్లాం చూసీ చూడనట్టు వదిలేయొచ్చు. 'మియా నోయ్' అంటే ఇంటద్దె, నెల ఖర్చు ఇచ్చి పోషించే చిన్నిల్లు. దాన్నీ పాత తరంలో చాలామంది పళ్ల బిగువున భరించారు. ఈ తరం ఆడవాళ్లలో ఆ ఓపిక తక్కువే. అసలు గొడవ మొదలయ్యేది ఆమె బయటికొచ్చినప్పుడు. అత్తగారి దహనానికి గుడికి వచ్చి బంధువులతో పాటు ముందు వరుసలో కూర్చుంటుంది, లేదా భర్తతో దిగిన ఫొటో ఫేస్‌బుక్‌లో పెడుతుంది. ముందు వరుస కుర్చీ పెద్ద భార్యది, అంటే 'మియా లువాంగ్'ది. దాని జోలికొస్తే మాత్రం ఊరుకోరు.

బహుభార్యాత్వాన్ని చట్టం 1935లోనే తీసేసింది. అలవాటు అంత తొందరగా పోలేదు.

ఊరుకోవడానికి ఒక లెక్క ఉంటుంది: ఆస్తి, పిల్లలు, రిజిస్టరైన భార్య హోదా. కానీ చట్టం దగ్గర మౌనం ఎదురు తిరగొచ్చు. సివిల్ కోడ్ 1517, 1523 సెక్షన్ల ప్రకారం భార్య ఒప్పుకున్నట్టో, చూస్తూ ప్రోత్సహించినట్టో తేలితే ఆ కారణంతో విడాకులూ రావు, పరిహారమూ రాదు. క్షమించినా విడాకుల హక్కు పోతుంది (1518). విషయం తెలిసిన రోజు నుంచి ఏడాదిలోపు దావా వేయాలి (1529). సంబంధం ఇంకా నడుస్తుంటే గడువు లెక్క మారుతుంది కాబట్టి లాయరును అడగాల్సిందే.

ఆవిడే సలహా అడిగితే మొదట చూడాల్సింది పెళ్లి అంఫో లేదా ఖేత్ ఆఫీసులో, అంటే జిల్లా కార్యాలయంలో, రిజిస్టరైందా అని. భిక్షువులు వచ్చి దీవించినా, 'సిన్ సోత్' (కన్యాశుల్కం లాంటిది) పళ్లెంలో పెట్టి అందరికీ చూపించినా, రిజిస్ట్రేషన్ లేకపోతే చట్టం దృష్టిలో భార్య కాదు, పరిహారం అడగలేదు. రిజిస్టరై ఉంటే విడాకులు తీసుకోకుండానే ఆ రెండో మనిషి మీద డబ్బు దావా వేయొచ్చు. ఇదివరకు భార్యకు మాత్రం 'బహిరంగంగా చాటుకుంది' అని రుజువు చేయాల్సిన షరతు ఉండేది, భర్తకు ఉండేది కాదు. 2024 జూన్‌లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ తేడా చెల్లదంది. 2025 జనవరి 23 నుంచి అమల్లోకొచ్చిన వివాహ సమానత్వ చట్టంతో ఇద్దరికీ ఒకటే మాట. అయినా కలిసి వేడుకలకు వెళ్లిన ఫొటోలు, అద్దె కాగితాలు, బ్యాంకు బదిలీలు దాచుకుంటే కేసు గట్టిగా నిలబడుతుంది. ఉమ్మడి ఆస్తిలోంచి భర్త ఆమెకు కారో, స్థలమో రాసిస్తే దాన్ని రద్దు చేయమనీ అడగొచ్చు (1480). దానికీ తెలిసినప్పటి నుంచి ఏడాదే.

అతని ఫోన్ లాక్ విప్పి సందేశాలు లాగడం మాత్రం వద్దు, కంప్యూటర్ నేరాల చట్టం ఉంది. ఎక్కువమంది బోర్లా పడేది కోపంలో పెట్టే పోస్టుతోనే. ఆమె ఫొటో పెట్టి 'నా మొగుణ్ని లాక్కుంది' అని రాస్తే క్రిమినల్ కోడ్ 328 సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల బాత్‌ల దాకా జరిమానా. నిజమే రాశాను అంటే సరిపోదు: వ్యక్తిగత విషయమై, ప్రజలకు దానివల్ల ప్రయోజనం లేకపోతే రుజువు చేసుకునే అవకాశమే ఇవ్వరు (330).

అందుకే అక్కడ తెలివైనవాళ్లు ముందు లాయరు నోటీసు పంపిస్తారు. లేదంటే ఇరువైపులా గౌరవం ఉన్న పెద్దమనిషిని మధ్యలో కూర్చోబెడతారు. భర్త పోలీసో, టీచరో, ఇంకో ప్రభుత్వోద్యోగో అయితే పై అధికారికి ఫిర్యాదు వెళ్తుందన్న మాటకే సగం దిగొస్తాడు, క్రమశిక్షణ చర్య ఉంటుంది కాబట్టి.

మీ వంతుకొస్తే, ఆవిడను ఒంటరిగా భోజనానికి పిలవండి, భర్త ఊసెత్తకండి. ఆవిడే ఎత్తితే వినండి. 'మై పెన్ రాయ్' (పర్లేదులే) అని నవ్వేస్తే అక్కడితో ఆపేసి, తర్వాతి వంటకం తెప్పించండి.