టెర్రీ గిలియమ్ తొలినాళ్ల పనిని ఎక్కడి నుంచి చూడాలి?

టెర్రీ గిలియమ్ సినిమా 'బ్రెజిల్' సగంలో ఆపేశానని, ఈ దర్శకుడి తొలి సినిమాల్లో దేనితో మొదలుపెట్టాలో చెప్పమని మీరు అడిగారు. సినిమాలకంటే ముందు ఆయన చేసిన కాగితపు బొమ్మల యానిమేషన్‌తో మొదలుపెట్టండి.

అమెరికాలో పుట్టిన గిలియమ్ 1967లో లండన్ చేరి, 1969లో బీబీసీలో మొదలైన 'మాంటీ పైథాన్' హాస్య కార్యక్రమానికి యానిమేషన్ చేశారు. పాత ఫొటోలను, విక్టోరియా కాలపు బొమ్మలను కత్తిరించి, కెమెరా కింద కొద్దికొద్దిగా జరుపుతూ చిత్రీకరించేవారు. టైటిల్స్‌లో పైనుంచి దిగి అన్నిటినీ తొక్కేసే పెద్ద పాదం, లండన్ నేషనల్ గ్యాలరీలోని, ఇటలీ చిత్రకారుడు బ్రాంజినో గీసిన చిత్రంలో ఎడమవైపు అడుగున కనిపించే మన్మథుడిదే.

యానిమేషన్ నేర్చుకునే రోజుల్లో నేనూ ఇలాంటి బొమ్మలను కదిలించి చూశాను. మనిషిని సహజంగా నడిపించబోతే మోకాలి దగ్గర అది కాగితమేనని ఇట్టే తెలిసిపోయేది గానీ, అదే మనిషి నెత్తిన బండరాయి పడేస్తే మాత్రం సన్నివేశం భలేగా పండేది. గిలియమ్ హాస్యంలో అంత విధ్వంసం ఎందుకుంటుందో నాకు అప్పుడే బోధపడింది.

మాంటీ పైథాన్ బృందంలోని టెర్రీ జోన్స్‌తో కలిసి 1975లో ఆ బృందం సినిమా 'హోలీ గ్రెయిల్' తీశాక, గిలియమ్ ఒంటరిగా దర్శకత్వం వహించిన మొదటి సినిమా 'జాబర్‌వాకీ' 1977లో వచ్చింది. నా దృష్టిలో కథ కుంటుతుంది, కానీ అందులోని బురద, మురికి, చివర్లో వచ్చే రాక్షసి కోసం చూడవచ్చు. ఆ వేషంలోని మనిషిని వెనక్కి నడిపించడం వల్లనే దాని మోకాళ్లు పక్షికాళ్లలా వెనక్కి వంగినట్టు కనిపిస్తాయి.

అసలు విందు 1981 నాటి 'టైమ్ బ్యాండిట్స్'. పిల్లవాడి పడకగదిలోని బీరువాను బద్దలుకొట్టుకుని గుర్రపు రౌతు దూకడం, సముద్రంలోంచి లేచిన మహాకాయుడి నెత్తిన ఓడ టోపీలా కూర్చుని ఉండడం, ఇవన్నీ కత్తెర పట్టిన చేతికి తోచే ఊహలే. పిల్లలతో కలిసి చూసేటట్టయితే, ముగింపు కాస్త కర్కశంగా ఉంటుందని గుర్తుంచుకోండి.

'బ్రెజిల్'కు తిరిగి వెళ్లేముందు, 1983లో వచ్చిన 'ది క్రిమ్సన్ పర్మనెంట్ అష్యూరెన్స్' అనే లఘుచిత్రం చూడండి. ముసలి గుమస్తాలు యజమానులపై తిరగబడి, తమ ఆఫీసు భవనాన్నే సముద్రపు దొంగల ఓడలా నడుపుకుంటూ పోతారు. మొదట యానిమేషన్ తునకగా అనుకున్న ఈ ఆలోచనను నటులతో తీయబోతే, అది పెరిగి పెరిగి, మాంటీ పైథాన్ సినిమా 'ది మీనింగ్ ఆఫ్ లైఫ్'కు ముందు వేసే విడి చిత్రమైంది.