గూఢచారులను పట్టే ఉద్యోగం కావాలంటే...

ప్రశ్న: మాది అనకాపల్లి. మా అబ్బాయి బీఎస్సీ ఫైనలియర్. శత్రుదేశాల గూఢచారులను పట్టుకునే ఉద్యోగమే చేస్తానంటున్నాడు. ఇన్‌స్టాగ్రామ్‌లో తన పేరు కింద ‘కాబోయే రా ఏజెంట్’ అని కూడా పెట్టుకున్నాడు. దీనికి దారేమిటి?
- ఒక తల్లి

జవాబు: దారి ఉందమ్మా. ముందు ఇన్‌స్టాగ్రామ్‌లో ఆ లైను తీసేయమనండి. నవ్వులాటకు అనడం లేదు. మీకు దగ్గరలోని విశాఖలోనే 2019 డిసెంబరులో ఏం జరిగిందో గుర్తుచేసుకోండి. రాష్ట్ర పోలీసు నిఘా విభాగం, కేంద్ర నిఘా సంస్థలు, నేవీ ఇంటెలిజెన్స్ కలిసి ‘ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్’ పేరుతో ఏడుగురు నేవీ సిబ్బందిని పట్టుకున్నాయి. శత్రుదేశపు గూఢచారులు ఫేస్‌బుక్‌లో ఆడపేర్లతో వీళ్లతో పరిచయాలు పెంచుకుని, యుద్ధనౌకల, సబ్‌మెరైన్ల కదలికలు రాబట్టారన్నది ఆరోపణ. డబ్బు హవాలాలో వచ్చిందన్నారు. ఆ తర్వాత నేవీ తన స్థావరాల్లో, ఓడల్లో స్మార్ట్‌ఫోన్లనే నిషేధించింది. ఎక్కడ పనిచేస్తున్నామో ఊరంతా చెప్పుకునేవాళ్ల కోసమే అవతలివాళ్లు వలేసుకుని కూర్చుంటారు.

ఇక రెండో సంగతి. మీవాడు ‘రా’ అంటున్నాడు గానీ, అతను చెప్పే పని ఎక్కువగా ఐబీది, అంటే ఇంటెలిజెన్స్ బ్యూరోది. 1968లో ఐబీ నుంచి వేరుచేసి పెట్టిన ‘రా’ ప్రధానంగా విదేశాల సమాచారం చూస్తుంది. దేశంలోకి వచ్చిన గూఢచారుల జాడ తీయడం ఐబీ పని. అందులో డిగ్రీ వాళ్లకు ఏసీఐఓ (అసిస్టెంట్ సెంట్రల్ ఇంటెలిజెన్స్ ఆఫీసర్) గ్రేడ్-2 పరీక్ష ఉంది. వయసు 18 నుంచి 27, రిజర్వేషన్ ఉంటే సడలింపు. మూల వేతనం 44,900తో మొదలు. నోటిఫికేషన్ ఏటా రాదు, కాబట్టి దీన్నొక్కదాన్నే నమ్ముకుని కూర్చోవద్దు.

సినిమాల్లో చూపించనిది ఒకటుంది. ఐబీకి అరెస్టు చేసే అధికారం లేదు. జీతానికి మించి ఖర్చు పెడుతున్నదెవరు, అవసరం లేని ఫైలు అడుగుతున్నదెవరు అని నెలల తరబడి గమనించి రిపోర్టు రాయాలి. బేడీలు వేసేది పోలీసులు, లేదంటే జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏ. విశాఖ కేసు కూడా చివరికి ఎన్ఐఏకే వెళ్లింది. పేరు పేపర్లో పడాలని ఉంటే మాత్రం ఎస్సై పరీక్షో, గ్రూప్-1లో డీఎస్పీ పోస్టో చూసుకోమనండి.

పేరు రాకపోయినా ఫర్వాలేదంటే ఇవాళే మొదలుపెట్టొచ్చు. ఏసీఐఓలో ఆబ్జెక్టివ్ పేపర్ తర్వాత రాత పేపర్ కూడా ఉంటుంది, మనవాళ్లు తడబడేది అక్కడే. రోజూ ఒక వార్త చదివి, సొంత అభిప్రాయం కలపకుండా పది లైన్లలో ఇంగ్లీషులో రాసి చూపించమనండి.